కాడల్లేని చేమంతులు

ఆ రోజుల్లో నేను మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక పేజీ నిండేది కాదు. రాసిన మాటలు మాత్రం ఏడాదికి రెండు లావుపాటి నోటు పుస్తకాలను మింగేవి. బద్వేలులో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పల్లె నుంచి రోజూ బస్సు. దిగాల్సిన చోటు దాటిపోతున్నా “ఆపండి” అని కేకేయలేక, తరువాతి స్టాపులో ఎవరో దిగుతుంటే వాళ్ళ వెనకే దిగి, ఎండలో వెనక్కి నడిచి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. (ఇంట్లో అడిగితే కాలేజీలో ఆలస్యమైందని చెప్పేదాన్ని. అదీ తల వంచుకునే.) ఎవరికైనా ఏదైనా చెప్పాల్సి వస్తే ముందు డైరీలో రాసుకునేదాన్ని. ఎలా మొదలుపెట్టాలి, వాళ్ళు ఇలా అంటే నేనేమనాలి, చివర ఎలా ముగించాలి, అన్నీ పద్ధతిగా రాసేదాన్ని. చిక్కేమిటంటే, రాసేశాక చెప్పేసినంత తృప్తిగా ఉండేది. ఆ తృప్తితోనే డైరీ మూసేసేదాన్ని. చెప్పాల్సిన మనిషికి మాత్రం ఏమీ తెలిసేది కాదు. ఈ జబ్బు వల్ల ఒక ఆదివారం మా చర్చిలో ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ ముందు అరచేతులు చెమట పడతాయి, ఆ తరువాతే నవ్వొస్తుంది.

మా పల్లె చర్చి చిన్నదే కానీ పాతది. ఆ ఏడు అందులో పెచ్చులూడిన గచ్చు తవ్వేసి నున్నటి నల్ల బండలు పరిచారు. ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు పనికి వచ్చారు, మా నాయన ఇసుక మోశాడు, అమ్మ సిమెంటు కలిపింది. పని అయ్యాక పెద్దయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించాలని అనుకున్నారు. పెద్దయ్యగారంటే మా పాస్టరు గారి లాంటి వాళ్ళు ఎందరికో పైన ఉండే పెద్దమనిషి. ఆయన మా పల్లెలో కాలు పెట్టడం అదే మొదలు. ఇంకేముంది, వారం ముందు ఆదివారం ఆరాధన కాగానే పాస్టరమ్మ ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి పనులు పంచడం మొదలుపెట్టింది. (పాస్టరు గారి భార్యను మేమందరం పాస్టరమ్మ అనే అంటాం.) ఆమె చేతిలో ఎప్పుడూ ఒక కాగితం ఉండేది. ఆ కాగితంలో ఎప్పుడూ ఒక పని పక్కన ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో పడేదెవరా అని అందరం నేలచూపులు చూసేవాళ్ళం.

“పెద్దయ్యగారికి సాగతం చదవడానికి ఎవురుండారు? సదువుకున్న బిడ్డ గావాల,” అంటూ పాస్టరమ్మ చూపు గది అంతా తిరిగి నా దగ్గర ఆగింది. “నువ్వు డిగ్రీ కదమ్మా. మైకులో చదువు. ఒక్క కాగితమే.”

మా చర్చి మైకు సామాన్యమైంది కాదు. దాన్ని చూసుకునే మామను ఊరంతా అలో మామ అంటారు. ఆదివారం పొద్దున ఆయన “అలో, అలో” అంటే చర్చి పైన కట్టిన గొట్టంలోంచి ఆ మాట పొలాలదాకా పోయేది. అందులో నేను చదివితే నా వణుకు కూడా పొలాలదాకా పోతుంది. వేరుశెనగ చేలో కలుపు తీసేవాళ్ళు తల ఎత్తి, ఎవరీ పిల్ల, చలిజ్వరమా అని అడుగుతారు. నేను లేదనలేను, ఎందుకంటే లేదనడానికి నోరు తెరవాలి. అవుననీ అనలేను. ఇలా కొట్టుకుంటుండగా వెనక నుంచి ఎవరో పూల మాట ఎత్తారు. చర్చిలో ముందుండే బల్ల మీద రెండు ఇత్తడి పూలకూజాలు ఉంటాయి. వాటిలో నేను పుట్టకముందు నుంచీ ప్లాస్టిక్ గులాబీలే ఉన్నాయి.

“వాటిని ఇంకొక్కసారి ఉతికితే సర్ఫులో కరిగిపోతాయి పాస్టరమ్మా,” అంది వెనక నుంచి ఆ గొంతు. “ఇప్పటికే అవి రోజాలో, ఎర్రగడ్డలో తెలీకుండా ఉండాయి.” (ఎర్రగడ్డలంటే మా వైపు ఉల్లిపాయలు.)

“అయితే నిజం పూలు పెట్టాల. ఎవురు పెడతారు?” అంది పాస్టరమ్మ.

“నేను పెడతా,” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నాకు తెలియడానికి కాసేపు పట్టింది. మీటింగులో నేను మాట్లాడటం అదే మొదటిసారి కాబట్టి మిగతా వాళ్ళకూ అంతే పట్టింది. మా పెరట్లో పూలున్నాయి, పూలు పెట్టే పిల్ల మైకు పట్టుకోలేదు కదా, అన్న లెక్క ఏదో నా బుర్రలో నన్నడగకుండానే నడిచిపోయింది. పాస్టరమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

“సరే. సాగతం నేనే సదువుకుంటాలే. అయితే ఒక మాట, పాపా. దండలు కట్టి బల్లకు ఏలాడదీయడం కుదరదు, మన కాడ ఆ అలవాటు ల్యా. కూజాల్లోనే నిలబడాల. ఆరాధన మొదలయ్యే టయానికి కూజాలు బోసిగా కనపడినాయా, సాగతం కాగితం నీ చేతిలోనే పెడతా.”

నేను తల ఊపాను. ఇంటికి వచ్చి డైరీలో ‘తప్పించుకున్నాను’ అని రాసి కింద రెండు గీతలు గీశాను.

ఇప్పుడు మా పెరటి సంగతి చెప్పాలి. మా పెరడు మాది కాదు, మా జేజిది. (జేజి అంటే నాయనను కన్నతల్లి.) మా వైపు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, బిందె నీళ్ళు మూడు పనులు చేయకుండా నేలలో ఇంకడానికి వీల్లేదు. జేజి రాజ్యంలో బియ్యం కడిగిన నీళ్ళు చేమంతులకు, ముఖం కడిగిన నీళ్ళు బంతికి, అంట్లు తోమిన నీళ్ళు మందారానికి. చలికాలం చివరకు వచ్చేసరికి పసుపు చేమంతులు, ఊదా చేమంతులు, ముద్దబంతి, కనకాంబరాలు, రెండు నాటు రోజా చెట్లు పెరడంతా కిక్కిరిసి ఉండేవి. రోజూ పొద్దున జేజి పూలు కోసి, దండ కట్టి, వీధిలో ఆడపిల్లలందరికీ జడకు ఇంతని తుంచి ఇచ్చేది. కోసే అధికారం ఆమె ఒక్కదానిదే. మేమెవరమైనా చెట్టు మీద చెయ్యేస్తే, “ఏందిమ్మే, చెట్టును గిల్లుతాండావా, నిన్ను గిల్లాల్నా?” అనేది.

అందుకే ఆ వారమంతా నాకు దిగులే. ఫోనులో పూలు అమర్చే వీడియోలు చూశాను. ఏ దేశమో తెలియని ఒకామె పువ్వును జానెడున్నర కాడతో కోసి, కాడ చివర ఏటవాలుగా కత్తిరించి, ఒక్కొక్కటే కూజాలో పెట్టేది. పొడుగువి వెనక, పొట్టివి ముందు. అదంతా నేను డైరీలో బొమ్మ గీసుకున్నాను. కూజాకు పన్నెండు పసుపు చేమంతులు, ఎనిమిది ఊదావి, ముందు ఐదు బంతులు, నడుమ ఒక్క రోజా. ప్రతి పువ్వుకూ కాడ పొడుగు అంగుళాలలో. తరువాత జేజితో ఏమనాలో ఒకటిన్నర పేజీ రాశాను. ‘జేజీ, నీ చెట్లంటే నీకెంత ప్రాణమో నాకు తెలుసు’ అని మొదలవుతుంది. కాడ పొడుగ్గా ఎందుకు కోయాలో, అలా కోస్తే చెట్టు ఇంకా గుబురుగా ఎలా ఎదుగుతుందో, ఆ పూలు చర్చిలో నిలబడితే ఎవరి పేరు నిలబడుతుందో, అన్నీ ఉన్నాయి. చదువుకుంటే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. మంగళవారం సాయంత్రం జేజి చెట్ల మొదట్లో మట్టి గుల్ల చేస్తుంటే వెళ్ళి నిలబడ్డాను.

“జేజీ, ఆదివారం చర్చికి పూలు కావాల.”

“ఎన్ని?”

“శానా.”

జేజి తల ఎత్తకుండా, “సూస్తాం,” అంది. నేను వచ్చేశాను. ఒకటిన్నర పేజీలో బయటికి వచ్చింది అంతే.

ఆ ‘సూస్తాం’ నన్ను నాలుగు రోజులు నిలవనివ్వలేదు. మా జేజి సూస్తాం అంటే ఇస్తుందని కాదు, ఇవ్వదనీ కాదు. బుధవారం, గురువారం, శుక్రవారం మామూలుగానే పూలు కోసి వీధిలో పంచేసింది. ఒక్కో పిల్ల జడలో మా చేమంతులు ఊగుతూ వెళుతుంటే, నా కూజాలోంచి ఒక్కొక్కటే లేచి నడిచిపోతున్నట్టు ఉండేది. మొగ్గలు లెక్కపెట్టాను. ఏవి ఆదివారానికి విచ్చుకుంటాయో, ఏవి మొండికేస్తాయో అంచనా వేశాను. బస్సులో పోతూ లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి వేశాను. (ఆ వారంలో రెండుసార్లు స్టాపు దాటిపోయాను.) కళ్ళు మూస్తే చాలు, బోసి కూజాలు, పాస్టరమ్మ చేతిలో కాగితం, అలో మామ చేతిలో మైకు కనిపించేవి.

శనివారం పొద్దున వీధి పిల్లలు వస్తే జేజి గుమ్మంలోనే నిలబడి, “ఈపొద్దు ల్యావు. పోండి. మా పాపకు పనుండాది,” అని పంపేసింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది కానీ, ఇంట్లో అందరూ ఉన్నారని మంచినీళ్ళు తాగాను. ఆ మధ్యాహ్నం చర్చికి వెళ్ళి చింతపండుతో కూజాలు తోమాను. నా ముఖం వాటిలో సాగిపోయి కనిపించేంత మెరిశాయి. కత్తెర సానపట్టించుకుని వచ్చి డైరీ పక్కన పెట్టుకున్నాను. తెల్లవారుజామునే లేచి, మంచు ఆరకముందే కాడలు కోయాలని ఆ వీడియో ఆమె చెప్పింది.

అలారం మోగగానే కత్తెర పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. అప్పుడప్పుడే వెలుగు పడుతోంది. బావి గట్టు పక్కన జేజి కూర్చుని ఉంది. ఆమె ముందు పెద్ద వెదురు తట్ట, తట్ట మీద తడి తువ్వాలు. నన్ను చూడగానే ఏదో బంగారం చూపిస్తున్నట్టు తువ్వాలు మెల్లగా పక్కకు తీసింది. తట్ట నిండా చేమంతులు. పసుపు, ఊదా, వాటి మీద బంతులు, అంచుల్లో రోజాలు. ఒక్కటి కూడా నలగలేదు. ఒక్కదానికి కూడా కాడ లేదు.

“చీకట్నే లేచినా. ఒక్కటి ఇడిసిపెట్టలే. అన్నీ తెంచినా,” అంది జేజి. “శానా గావాలంటివి కదా.”

తొడిమ దగ్గర బొటనవేలి గోరు ఆనించి గిల్లడం. ఆమె తల్లి అలాగే కోసింది, ఆమె అలాగే కోసింది, మా వైపు ఏ ఆడమనిషైనా అలాగే కోస్తుంది. దండకు కాడెందుకు, జడకు కాడెందుకు. చెట్టు కొమ్మ విరిచేవాళ్ళను మా వీధిలో దొంగలంటారు. నేను పెరడంతా కలయజూశాను. చేమంతి చెట్లన్నీ పచ్చటి కాడలు పైకి చాచుకుని, తల లేకుండా, పరీక్షలో పేపరు లాక్కున్న పిల్లల్లా నిలబడి ఉన్నాయి. జానెడున్నర కాడలు. అంగుళాలతో సహా నేను గీసిన కాడలు. నా చేతిలో సానపట్టిన కత్తెర.

లోపలికి వెళ్ళి డైరీ తెరిచి ‘సర్వనాశనం’ అని రాశాను. తేదీ కూడా వేశాను. ఇంకో వాక్యం రాయబోతుంటే జేజి వెనకే వచ్చింది. ఆమె వేళ్ళు చలికి ముడుచుకుపోయి, గోళ్ళ కింద ఆకుపచ్చగా ఉన్నాయి. ఆ వేళ్ళు చూశాక కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది.

“మొగం ఎందుకట్ల పెట్టినావు? తక్కువైనాయా?”

అప్పటిదాకా నా డైరీ ఎవరికీ చూపించలేదు. ఆ రోజు మాత్రం మాటలు రాక, కూజా బొమ్మ ఉన్న పేజీ తీసి ఆమె ముందు పెట్టాను. జేజికి చదువు రాదు. బొమ్మను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

“పువ్వుకు ఇంత పొడుగు కాడేంది?”

“అట్ల కోయాల జేజీ. ల్యాకపోతే కూజాలో నిలబడవు.”

“నాకు చెప్పలేదే.”

“రాసినా.”

“యాడ రాసినావు?”

“ఈడ,” అంటూ ఆ ఒకటిన్నర పేజీ చూపించాను.

జేజి ఆ పేజీని చాలాసేపు చూసింది. “ఈడ రాస్తే నాకెట్ల ఇనపడతాది, పాపా?” అంది.

తిట్టినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. నేను డైరీ మూసేశాను. ఇద్దరం తట్ట ఎత్తుకుని చర్చికి బయలుదేరాం. అప్పటికి ఏడు. ఆరాధన తొమ్మిదిన్నరకు.

చర్చిలో ఎవరూ లేరు. ముందు పూలను ఊరికే కూజాలో వేసి చూశాను. అన్నీ అడుక్కు జారి, బావిలో పడ్డ పిల్లల్లా పైకి చూశాయి. నిండా పోస్తే అంచు దగ్గర రెండు కనిపించాయి, మిగతావి కింద నలుగుతున్నాయి. “పోయి కాడలు కోసుకొచ్చి, దారంతో తలలు కడదాం,” అన్నాను. “చెట్టు తల తీసేస్తిమి, ఇంక మొండెం గూడా కోస్తావా?” అంది జేజి. తొమ్మిదిన్నర దగ్గరపడుతోంది. పాస్టరమ్మ కాగితం ఎంత పెద్దదో కూడా అడగలేదే అనుకున్నాను. ఒక్క కాగితమంటే రెండువైపులా రాసి ఉంటే?

అప్పుడు నా చూపు తలుపు వెనక ఆనించి ఉన్న కొబ్బరి పొరక మీద పడింది. కొత్త బండలు చిమ్మడానికని అలో మామ ముందురోజే తెచ్చిన కొత్త పొరక. నడుముకు కట్టిన తాడు కూడా ఇంకా బిగువు సడలలేదు. ఒక్క పుల్ల లాగాను. ఒక చేమంతి తీసుకుని తొడిమలోంచి పైకి గుచ్చాను. నిలబడింది. పుల్లను అటూ ఇటూ ఊపాను. పువ్వు తల ఊపింది, పడలేదు.

జేజి వెనక్కి జరిగింది. “ఏందిమ్మే ఇది. దేవుని బల్ల మీద పొరకా?”

“ఇంకా చిమ్మలేదు జేజీ దాంతో.”

ఆమె పొరక దగ్గరికి వెళ్ళి, కొసలు వేలితో తడిమి, దుమ్ము లేదని ఖాయం చేసుకుంది. కాసేపు ఆలోచించింది. “చిమ్మితే పొరక. చిమ్మకముందు ఉత్త పుల్లలే,” అని తీర్పు చెప్పి, కింద చతికిలబడి, తట్ట ముందుకు లాక్కుంది. ఇక చూడాలి ఆమె చేతి ఒడుపు. యాభై ఏళ్ళు దండలు కట్టిన వేళ్ళు. నేను ఒకటి గుచ్చేలోపు ఆమె నాలుగు గుచ్చింది. బయట మిగిలిపోయిన ఇసుక కుప్పలోంచి ఇసుక తెచ్చి కూజాల్లో పోశాను. పుల్లలు కనబడకుండా వేపరెమ్మలు విరుచుకొచ్చి గుబురుగా పెట్టాను. పొడుగువి వెనక, పొట్టివి ముందు. ఎనిమిదిన్నరకు అచ్చంగా నా డైరీ బొమ్మ బల్ల మీద లేచి నిలబడింది. అప్పుడు గానీ పొరక వైపు చూడలేదు. పొరక లేదు. తాడు ముడి ఒక్కటే మిగిలింది. దాన్ని జేజి తన సంచిలో వేసుకుంది.

పాస్టరమ్మ వచ్చి కూజాల ముందు నిలబడింది. “బాగుండాయి పాపా. శానా బాగుండాయి. చేమంతులకు ఇంత పొడుగు కాడలు యాడివి?”

“ఉండాయమ్మా,” అన్నాను. (అబద్ధం కాదు. ఉన్నాయి, మా పెరట్లో.) పాస్టరమ్మ కాగితం తన బైబిల్లోనే పెట్టుకుంది. నేను ఖాళీ తట్ట పక్కకు జరుపుతుండగా నెత్తి మీద గొట్టం గరగరలాడింది.

“అలో, అలో. అయ్యా, నిన్న తెచ్చిన కొత్త పొరక ఎవురు తీసుకున్నారో తెచ్చియ్యాల. చర్చి చిమ్మాల. పెద్దయ్యగారు వచ్చే టయమైంది. కొత్త పొరక. కొబ్బరిది.”

ఊరంతా విన్నది. పొలాలూ విన్నాయి. జేజి దేవుని మందిరం పైకప్పును అంత శ్రద్ధగా చూడటం నేను ముందెన్నడూ చూడలేదు. నేను వేపరెమ్మ ఒకటి సవరించాను. చివరకు పాస్టరు గారే ఇంటినుంచి అరిగిపోయిన పాత పొరక తెచ్చి చిమ్మించారు.

ఆరాధన మొదలైంది. పెద్దయ్యగారు బల్ల పక్కనే కుర్చీలో కూర్చున్నారు. తెల్లటి జుట్టు, నిదానంగా కదిలే మనిషి. పాస్టరమ్మ స్వాగతం చదివేసింది. (రెండువైపులా రాసి ఉంది.) ఇక ఫరవాలేదు అని నేను ఊపిరి పీల్చుకోబోతుండగా, పెద్దయ్యగారికి ఉక్కపోస్తుందేమోనని ఎవరో మర్యాదకొద్దీ పైన ఫ్యాను వేశారు. పొరకపుల్ల నున్నగా ఉంటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. గాలికి చేమంతులు ముందు మెల్లగా ముఖాలు పక్కకు తిప్పుకున్నాయి. తరువాత ఒక్కొక్కటే కిందికి జారడం మొదలుపెట్టాయి. పువ్వు జారేకొద్దీ దాని నడుమ నుంచి పుల్ల పైకి పొడుచుకొచ్చేది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టేసరికి కూజాల్లో పూలకంటే పుల్లలే ఎత్తుగా ఉన్నాయి. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఒక్కదాన్నే మూసుకోలేదు. ప్రార్థన ఎంత పొడుగైతే అంత మంచిదని, అది ఎప్పటికీ అయిపోకూడదని, ఆ రోజు నేను చేసిన ప్రార్థన అదొక్కటే.

ముందు వరస పొట్టి పుల్ల బరువుకు వంగడంతో మొదటి బంతిపువ్వు ఊడి బల్ల మీద పడింది. చప్పుడు కాలేదు, కానీ నాకు వినపడింది. రెండోది దొర్లుకుంటూ అంచుదాకా వెళ్ళి ఆగింది. మూడోది ఆగలేదు. నేరుగా వెళ్ళి పెద్దయ్యగారి చేతుల్లో పడింది. ఆయన కళ్ళు తెరిచారు. పువ్వును చూశారు, తిప్పి దాని కింద ఉన్న చిల్లు చూశారు, తల ఎత్తి కూజాలను చూశారు, తరువాత, ఎందుకో, నన్ను చూశారు. మొత్తం చర్చిలో కళ్ళు తెరుచుకుని ఉన్నది మేమిద్దరమే. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నేను అప్పుడు మూసుకున్నాను.

ఆయన మాట్లాడటానికి లేచినప్పుడు ఆ పువ్వు ఇంకా చేతిలోనే ఉంది. “ఈ పూలు ఎవరు పెట్టినారు?” అని అడిగారు. పాస్టరమ్మ సంతోషంగా నా వైపు చెయ్యి చూపించింది. అలో మామ అంత చురుగ్గా కదలడం కూడా ఆ రోజే చూశాను. ఎవరూ అడగకుండానే మైకు వైరు సరసరా లాక్కుంటూ వచ్చి నా నోటి ముందు పెట్టాడు. వారమంతా దేన్నుంచి పారిపోయానో అది నన్ను వెతుక్కుంటూ వచ్చి రెండంగుళాల దూరంలో నిలబడింది. లేచాను. కాళ్ళ కింద కొత్త బండలు చల్లగా ఉన్నాయి. రాసుకున్నది ఏమీ లేదు. మొదలు లేదు, ముగింపు లేదు. పక్కన జేజి కొంగు సర్దుకుంటూ నా వైపు చూస్తోంది. పొద్దున ఆమె అడిగిన మాటే చెవిలో ఉంది. ఈసారైనా వినపడేలా చెప్పాలనుకున్నాను.

“పూలు మా జేజివి,” అన్నాను. నా గొంతు పైనున్న గొట్టంలోంచి బయటికి వెళ్ళి నాకే తిరిగి వినిపించింది. ఇంకా ఏదో బాకీ ఉన్నట్టనిపించింది. “పుల్లలు చర్చివి.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది అలో మామకు. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. “ఓయమ్మ. నా పొరక,” అన్నాడు.

ఆ మాట కూడా పొలాలదాకా పోయింది. చర్చి మొత్తం నవ్వింది. పాస్టరు గారు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, జేజిని లేవమని చెప్పి, పూలు ఎలా పెంచుతావమ్మా అని అడిగారు. మా జేజికి మైకంటే ఏ భయమూ లేదని మాకు ఆ రోజు తెలిసింది. బియ్యం నీళ్ళ దగ్గర మొదలుపెట్టి, ముఖం కడిగిన నీళ్ళ మీదుగా, నేను ఒకటిన్నర పేజీ రాసి రెండు ముక్కలే చెప్పడం, చీకట్నే లేచి తాను అన్నీ గిల్లేయడం దాకా, నిదానంగా చెప్పింది. అలో మామ మైకు ఆమె దగ్గర నుంచి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. ప్రసంగం ఆ రోజు కాస్త పొట్టిగా ముగిసింది. అందుకు ఎవరూ నొచ్చుకోలేదు.

బయటికి వస్తుంటే పాస్టరమ్మ నా భుజం పట్టుకుంది. “ఇంత బాగా మాట్లాడతావు కదమ్మే. క్రిస్మస్‌కు సాగతం నువ్వే,” అంది. నేను తల ఊపాను. (చదివాను. కాగితం వణికింది, గొంతు అంతగా వణకలేదు.)

ఇప్పుడు నేను కర్నూలులో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. మాట్లాడకండి అని ఇతరులకు చెప్పే ఉద్యోగం. నాకు ఇంతకంటే తగిన పని దొరకదని మా నాయన అంటాడు. ఊరికి వెళ్ళినప్పుడల్లా, తిరిగి బయలుదేరే రోజు పొద్దున జేజి పెరట్లోకి వెళ్ళి నాకు పూలు కోస్తుంది. వీధి పిల్లలకు ఇప్పటికీ గిల్లే ఇస్తుంది. నాకు మాత్రం కత్తెరతో, జానెడున్నర కాడతో. ఆ ఆదివారం తరువాత ఒక్కసారి కూడా నాకు తొడిమ దగ్గర గిల్లిన పువ్వు ఇవ్వలేదు. జడలో పెట్టుకోవడానికి అయినా సరే, దండకైనా సరే, కాడ ఉండాల్సిందే. “నీకు కాడలు గావాల కదా,” అని కట్ట చేతిలో పెడుతుంది. చెట్టు కొమ్మ కోయడం ఆమెకు ఇప్పటికీ ఎంత కష్టమో, కోసేటప్పుడు ఆమె పెదవులు బిగించడం చూస్తే తెలుస్తుంది. కూజాకు అయితేనే కాడ కావాలి జేజీ, జడకు అక్కర్లేదు, అని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. డైరీలో మూడుసార్లు రాశాను కూడా. మూడోది చాలా బాగా వచ్చింది.

బస్సులో ఆ పొడుగు కట్ట ఒళ్ళో పెట్టుకుని కర్నూలు చేరతాను. కాడలు కత్తిరించి పువ్వులు జడలో పెట్టుకుని లైబ్రరీకి వెళతాను. ఆ కాడలను పారేయబుద్ధి కాదు. నా బల్ల మీద గాజు సీసాలో నీళ్ళు పోసి పెడతాను. పొడుగువి వెనక, పొట్టివి ముందు. పువ్వులు లేకుండా ఉత్త కాడలు పెట్టారేమిటండీ అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చెప్పడానికి చాలానే ఉంది. “ఊరికేనండీ,” అంటాను.